ఇన్సులిన్ పెన్ను మా అమ్మ చేతికే ఇచ్చిన నర్సు మేడమ్ గారికి

తెనాలి దగ్గర మా ఊరి పీహెచ్‌సీలో పనిచేసే స్టాఫ్ నర్సు మేడమ్ గారికి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయట్లేదు.

అమ్మకి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. మాత్రలతో అదుపులోకి రావట్లేదని ఇన్సులిన్ రాసినప్పటి నుంచి మనిషి బాగా డీలా పడిపోయింది. పరాయి ఇంట్లో సూది ఎలా వేసుకుంటాను, మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే నలుగురిలో ఎంత నామోషీ అని పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడమే మానేసింది.

మేడమ్ మొదటి రోజే పెన్ను అమ్మ చేతిలో పెట్టి, పక్కన కూర్చుని చేయించారు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల దూరం వదిలేయాలని, రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఒంటికి పట్టదని, బటన్ నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలని, అమ్మకి వచ్చేదాకా విసుక్కోకుండా చెప్పారు. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే షుగర్ చూసుకోండమ్మా, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి అన్నారు. ఈ ఒక్క ముక్కతోనే అమ్మ భయం సగం పోయిందని నా నమ్మకం.

షుగర్ 240 వచ్చిన రోజు కూడా కోప్పడలేదు. "రాత్రి ఏం తిన్నారమ్మా?" అని అడిగి, పుస్తకంలో అంకె పక్కనే రాయించారు. ఇప్పుడు ఏది తింటే ఎంత పెరుగుతుందో అమ్మే మాకు చెబుతోంది. స్పర్శ తగ్గితే కాలికి పుండు పడినా తెలియదని మేడమ్ చెప్పిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు అద్దం పెట్టి మరీ చూసుకుంటోంది.

మొన్న పిన్ని కూతురి పెళ్లికి వచ్చింది! పెన్ను, గ్లూకోమీటర్, పంచదార పొట్లం చేతిసంచిలో సర్దుకుంది. విడిది గదిలో తనే ఇంజెక్షన్ వేసుకుని వచ్చి మాతోపాటు భోజనానికి కూర్చుంది. ఒక బూరె తిని రెండోది వద్దంది. షుగరున్నవాళ్లు ఇవి తినొచ్చా అని ఎవరో అంటే, "ఎంత తినాలో నాకు తెలుసులే" అని నవ్వింది. అమ్మ నలుగురిలో అలా మాట్లాడగా విని ఎన్నాళ్లయిందో.

షుగర్ చూసుకునే స్ట్రిప్పులు అయిపోకముందే తెప్పించి ఉంచే మెడికల్ షాపు తమ్ముడికి, పొద్దున్నే అమ్మతో నడకకి వచ్చే పక్కింటి అత్తయ్యగారికి కూడా బోలెడు థాంక్స్.

మేడమ్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు వచ్చే నెల ఉంది కదా. రిపోర్టు తీసుకుని అమ్మ ఒక్కతే మీ దగ్గరికి వస్తానంటోంది, నన్ను సెలవు పెట్టొద్దంది.