వేడెక్కితే ఆగిపోయే బండ్లు, ఇక మేం బిగించని సెన్సర్లు

"కొత్త సెన్సర్ వేశారుగా, బండి మళ్లీ ఎందుకు ఆగింది?" ఈ వేసవిలో మన షెడ్డుకి వచ్చే పాత కస్టమర్లు కొందరు ఇలా అడిగారు. అడిగే హక్కు మీకుంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నాం.

పాత పెట్రోలు బండ్లలో ఈ జబ్బు మామూలే. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. ఎండలో, ట్రాఫిక్‌లో కాసేపు తిరిగాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. బానెట్ ఎత్తి అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్, అంటే ఇంజన్ తిరుగుడు కనిపెట్టి సిగ్నల్ పంపే పార్టు. రెండు తీగల రకంలో లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. అది ఎక్కడైనా చిట్లితే వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఆ సిగ్నల్ రాకపోతే ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మించదు.

ఆటోనగర్‌లో మేం ఏళ్ల తరబడి సరుకు తెచ్చుకున్న ఒక డీలరు కంపెనీ పెట్టెలో, సీలుతో ఇచ్చిన సెన్సర్లకే ఇదే జబ్బు ఉంది. బల్ల మీద పెట్టి మీటరు తగిలిస్తే చల్లగా ఉన్నప్పుడు 550 ఓములు, అంతా సవ్యమే. హీట్ గన్‌తో మెల్లగా వేడి చేస్తే 90 డిగ్రీలకు చేరేలోపే అంకె వణికి, ఓఎల్ అని పడుతుంది. తీగ తెగినట్టే. మంచి సెన్సరైతే అదే వేడికి 680 దాకా నిదానంగా ఎక్కి, చల్లారుతూ మళ్లీ దిగుతుంది.

డీలరు ఏమన్నాడో తెలుసా? "ఎలక్ట్రికల్ సామానుకి గ్యారంటీ ఉండదు, మీవాళ్లని వైరింగ్ సరిగా చూసుకోమనండి." ఈ మాట మాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. సెన్సర్ విప్పే ముందే కప్లర్ పిన్నులు చూస్తాం, ఇంజన్ నడుస్తుండగా వైరింగ్ కదిపి చూస్తాం. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య కొలుస్తాం, 0.2 వోల్టు దాటితే ముందు ఎర్త్ వైరు మారుస్తాం. ఇవన్నీ చూసుకున్నాకే పార్టు జోలికి వెళ్లేది.

వెంటనే తేల్చుకోలేకపోయిన విషయం ఒక్కటే. షోరూం కౌంటర్‌లో బిల్లుతో కొంటే ధర రెట్టింపు పైనే, పైగా స్టాకు లేకపోతే రెండు మూడు రోజులు ఆగాలి. క్యాబ్ నడుపుకునేవాళ్లకి ఆ రోజులు ఎంత బరువో మాకు తెలుసు. అయినా చవక సరుకు వేసి సాయంత్రానికి తాళాలిస్తే, నడిరోడ్డు మీద లారీల మధ్య ఆగేది మీ బండే. అందుకే ఇక షోరూం సరుకే, అదీ వేడి చేసి పరీక్షించాకే బిగిస్తాం. ఆ డీలరు సగం ధరకిచ్చినా ఆ గడప తొక్కం. అతని సరుకు వేసిన బండ్లన్నిటికీ పార్టూ, లేబరూ మా ఖర్చే.

మీవైపు నుంచి ఒక సాయం కావాలి. బండి ఆగినప్పుడు పక్కకు తీసి, తాళం ఆన్ చేసి వినండి: చాలా బండ్లలో వెనక సీటు కింద పెట్రోలు తోసే పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. అది వినపడకపోతే పంపు, దాని రిలే చూడాలి. చెక్ ఇంజన్ లైటే వెలగకపోతే ఈసీఎంకి కరెంటు అందట్లేదేమో చూడాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదే పడుకుంటే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. మీటర్ బోర్డును వీడియో తీసి పంపండి. బ్యాటరీ టెర్మినల్ మాత్రం విప్పకండి, చాలా బండ్లలో ఈసీఎం దాచుకున్న లోపాల కోడ్‌లు చెరిగిపోతాయి. వీలైతే చల్లారేదాకా ఆగకుండా అక్కడి నుంచే ఫోన్ చేయండి, మీటరు పట్టుకుని మేమే వస్తాం.