సేవ చేసొచ్చాక ఆ 20 నిమిషాలు

సంపాదకులకు నమస్కారం.

అడ్మిషన్ల రోజులు వచ్చాయంటే కథోలిక కళాశాలల ప్రాస్పెక్టస్‌లన్నీ ఒకే పాట పాడతాయి. విలువలతో కూడిన విద్య, సంపూర్ణ వికాసం, ఇతరుల కోసం బతికే మనుషులు. తల్లిదండ్రులు అవి చదివి తలూపి ఫీజు గురించీ ప్లేస్‌మెంట్ల గురించీ అడుగుతారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ మాటల వెనక ఒక పద్ధతి ఉందనీ, అది నడుస్తోందో లేదో వెళ్లి చూసి తేల్చుకోవచ్చనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కథోలిక చర్చిలో ఒక సన్యాస సభకు చెందిన జెస్యూట్ ఫాదర్లు నడిపే విద్యాసంస్థల పద్ధతి దగ్గర నుంచి తెలిసిన అధ్యాపకులుగా ఆ సంగతి రాస్తున్నాం.

1548లో సిసిలీలోని మెస్సీనాలో కాలేజీ తెరిచిన జెస్యూట్లు, ఏ తరగతిలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది 1599 నాటికి ఒక నియమావళిగా రాసుకున్నారు. చెప్పిన పాఠాన్ని మళ్లీ మళ్లీ తిరగేయించడం అప్పటి నుంచీ ఉంది. 1993లో ఆ బోధన పద్ధతినే ఈ కాలానికి తగ్గట్టు అయిదు మెట్లుగా చెప్పారు: సందర్భం, అనుభవం, మననం, ఆచరణ, మూల్యాంకనం. పిల్లవాడు తెలుగు మీడియం నుంచి వచ్చాడా, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వస్తున్నాడా అన్నది పాఠం చెప్పకముందే తెలుసుకోవడం సందర్భం. మననం గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు. శ్రవణం తర్వాత మననం అని మన పెద్దలూ అన్నారు. విన్నదీ చూసిందీ నాలో ఏం కదిపింది, ఎందుకు కదిపింది అని కాసేపు ఆగి తనను తాను ప్రశ్నించుకోవడమే అది. అయిదింటిలో ముందుగా ఎగిరిపోయేదీ అదే.

ఎన్ఎస్ఎస్‌నే, అంటే కాలేజీల్లోని జాతీయ సేవా పథకాన్నే తీసుకోండి. రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు. ఊరికి వెళ్తారు, వీధులు ఊడుస్తారు, మొక్కలు నాటుతారు, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఆ ఫొటో, కాలేజీల నాణ్యతను తేల్చే జాతీయ సంస్థ నాక్‌కు చూపే ఫైలులో చేరిపోతుంది. ఆ ఊళ్లో మంచినీళ్లకు క్యూ ఎందుకుందని ఒక్క పిల్లా అడగకుండానే బస్సు తిరిగొచ్చేస్తుంది.

ఈ మననం సరిగ్గా జరగాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. 8 నుంచి 10 మందికి ఒక జట్టు. పది ఊళ్లకు ఒక్కోసారి వెళ్లే కన్నా ఒకే ఊరికి పలుమార్లు వెళ్లడం మేలు, మనుషులు పేరు పెట్టి పలకరించే దాకా. తిరిగొచ్చిన రోజే, స్నానానికీ భోజనానికీ ముందే, కుర్చీలు గుండ్రంగా వేసుకుని 20 నిమిషాలు కూర్చోవాలి. మొదటి 3 నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత, కంటితో చూసిందేమిటి? అభిప్రాయాలు వద్దు, చూసిందే చెప్పాలి. ఎక్కడ మనసు చివుక్కుమంది? చివరగా, అది అలా ఎందుకుంది, దాన్ని ఎవరు నిర్ణయించారు?

ఆ చివరి ప్రశ్నే పిల్లవాణ్ని మళ్లీ సబ్జెక్టులోకి నడిపిస్తుంది. నల్లగొండ జిల్లా పల్లెలో గారపట్టిన పళ్లు చూసొచ్చిన కెమిస్ట్రీ విద్యార్థి ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి తెస్తాడు. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో ల్యాబులో కొలుస్తాడు. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే నల్లగొండ పద్ధతి అప్పుడతనికి పుస్తకంలో పేరాగా మిగలదు. ఫలితం పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, ఈ నీళ్లు తాగొచ్చో లేదో వాళ్లకు చెప్పిరావాలి. ఆచరణ అంటే అది. చాలాసార్లు కథ నమూనా తెచ్చుకోవడంతోనే ఆగిపోతుంది, రికార్డుకు అది చాలు కాబట్టి.

ఈ 20 నిమిషాలు చెడిపోయే దారులు మాకు కంఠతా వచ్చు. రేపు మాట్లాడుకుందాం అంటే రేపటికి ఏమీ మిగలదు. 60 మందిని హాల్లో కూర్చోబెడితే నలుగురే మాట్లాడతారు. మాస్టారు ముందు మాట్లాడితే పిల్లలు ఆయన మాటే తిప్పి చెబుతారు. అన్నిటికన్నా చేటు, మననానికి మార్కులు పెట్టడం. మార్కులున్న చోట పిల్లలు మాస్టారికి నచ్చేదే రాస్తారు, ఏడవనిచోట కూడా ఏడ్చామని రాస్తారు.

పిల్లల బాగోగులు చూసే మెంటార్ లెక్చరర్ విషయమూ ఇంతే. ఒకరికి 20 మందికి మించి అప్పగిస్తే హాజరు చూడటం, ఇంటికి ఫోన్ చేయడం తప్ప మరేమీ సాగదు.

మతం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. ఇక్కడి కథోలిక కాలేజీల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. కథోలిక విశ్వవిద్యాలయాలకు పోపు రెండో జాన్ పాల్ 1990లో ఇచ్చిన శాసనం, ప్రతి వ్యక్తి అంతరాత్మ స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని స్పష్టంగా చెప్పింది. అదే శాసనం కథోలికేతర అధ్యాపకులు మెజారిటీ కాకూడదనీ అంటుంది. మన దగ్గర ఆ లెక్క అన్నిచోట్లా కుదరదు. అందుకే ఈ పద్ధతిని ఫాదర్లకో సిస్టర్లకో వదిలేయకుండా, హిందూ, ముస్లిం లెక్చరర్లకు కూడా చేరిన మొదటి ఏడాదే నేర్పాలి. కథోలిక పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మత పాఠం, మిగతావారికి నైతిక విద్య అని గంటలు వేరు చేయడంలో తప్పులేదు. ఊరు వెళ్లొచ్చాక కూర్చునే వలయం మాత్రం అందరికీ ఒకటే కావాలి.

మననం పిల్లలకే కాదు, సంస్థకూ ఉండాలి. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం ఆ పని చేయక తప్పలేదు. 1838లో మేరీలాండ్ జెస్యూట్లు 272 మంది బానిసలను లూసియానాకు అమ్మేశారు. ఆ డబ్బులో కొంత ఆ విశ్వవిద్యాలయం అప్పులకు పోయింది. ఆ అమ్మకాన్ని నడిపించిన ఫాదర్ పేరే ఒక భవనానికి చాలాకాలం ఉండేది. 2017లో దానికి ఆ బానిసల్లో ఒకరైన ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టి, అమ్ముడైనవారి వారసుల ఎదుట క్షమాపణ కోరారు. అమ్మకపు పత్రంలో మొదటి పేరు హాకిన్స్‌దే.

మన కాలేజీలు అంత దూరం చూడక్కర్లేదు. కార్మికుడికి కుటుంబం గడిచేంత కూలి ఇవ్వాలని పోపు 13వ లియో 1891లో లేఖ రాశారు. క్లాసులో ఆ లేఖ చెప్పే లెక్చరర్‌కు, ఆ క్లాసు ఊడ్చే ఆయాకు, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు నెల తిరిగేసరికి చేతికెంత వస్తోంది? పాలకవర్గం ఏడాదికొకసారైనా వాళ్లతో కలిసి గుండ్రంగా కూర్చుని ఈ లెక్క చూడాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు టైంటేబుల్ అడిగి తీసుకోండి. అందులో మననానికి పెట్టిన సమయం ఎక్కడుందో వెతకండి. తర్వాత క్యాంటీన్ దగ్గర రెండో సంవత్సరం పిల్లల్ని పట్టుకుని, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాక ఆ సమయాన్ని ఏ సబ్జెక్టుకు ఇచ్చేస్తున్నారో అడగండి.

ఇట్లు,
కొందరు అధ్యాపకులు,
విజయవాడ