కాంట్రాక్టరు పోటీ చేయకూడదట, పెట్టుబడి పెట్టొచ్చట

ఎడిటర్ గారికి,

నమస్కారం. వరంగల్ చౌరస్తా దగ్గర నాకో ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఏడాది పొడవునా పెళ్లి కార్డులు, బిల్ బుక్కులు. ఎన్నికలొస్తే పాంప్లెట్లు, డోర్ స్టిక్కర్లు, నమూనా బ్యాలెట్లు. ఎన్నికల ఖర్చు గురించి మాట్లాడేవాళ్లంతా అభ్యర్థి ఎంత పెట్టాడనే అడుగుతారు. ఎవరి డబ్బు పెట్టాడని అడిగేవాళ్లు తక్కువ. మా కౌంటర్ దగ్గర కూర్చుంటే ముందు తెలిసేది అదే.

ఆర్డర్ ఇవ్వడానికి పార్టీ కార్యకర్త వస్తాడు. పాంప్లెట్‌లో ఎవరి తల పెద్దగా ఉండాలి, ఎవరిది మూలకు పోవాలి అని ప్రూఫ్ ముందేసుకొని గంటసేపు పంచాయితీ పెట్టేది కూడా అతనే. డబ్బులిచ్చేది మాత్రం అతను కాదు. "అన్న చెప్పిండు, సాయంత్రం మనిషొస్తడు" అంటాడు. ఆ వచ్చే మనిషి ఒకసారి రోడ్ల కాంట్రాక్టరు సూపర్‌వైజర్, ఒకసారి రైస్ మిల్లు గుమస్తా, ఇంకోసారి ఊరి బయట వెంచర్ వేసినాయన డ్రైవర్. బిల్లు అభ్యర్థి పేరు మీద వద్దంటారు. తమ ఫర్మ్ పేరు మీద "సైట్ బోర్డులు" అనో "క్యాలెండర్లు" అనో రాయమంటారు, జీఎస్టీ నంబరుతో సహా. అట్లా ఎన్నికల ఖర్చు కాస్తా వ్యాపార ఖర్చయిపోతుంది. నేను రాయనంటే ఆర్డర్ ఇంకో ప్రెస్‌కు పోతుంది. పోయింది కూడా.

చట్టం లేదా అంటే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 127-ఎ సెక్షన్ మా కోసమే పెట్టారు. ప్రతి పాంప్లెట్, పోస్టర్ మీద ముద్రించినవారి పేరు, వేయించినవారి పేరు, చిరునామాలు ఉండాలి. వేయించేవారు తమను ఎరిగిన ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి డిక్లరేషన్ ఇవ్వాలి. దాంతోపాటు ముద్రించిన కాగితాన్ని మేం కలెక్టర్‌కు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. షెడ్యూల్ వచ్చిందంటే ప్రెస్ వాళ్లను మీటింగ్‌కు పిలిచి ఇదంతా మళ్లీ చెబుతారు. ఎన్ని కాపీలు, ఎంత చార్జీ అని ఫారం నింపి ఇస్తాం. సొమ్ము ఎవరు కట్టారన్న గడి ఆ ఫారంలో లేదు.

అభ్యర్థి తరఫున ఇంకొకరు అతని రాతపూర్వక అనుమతి లేకుండా ఖర్చు పెట్టడం కూడా నేరమే. పాత ఐపీసీలో దానికి ఐదు వందల జరిమానా. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పది వేల దాకా పెంచారు. రోడ్డు కాంట్రాక్టరుకు పది వేలంటే టిప్పర్లకు ఒక పూట డీజిల్ కూడా కాదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు అసలు పరిమితే లేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి వేరే ఉంది. ఆ ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే 9-ఎ అని ఒక సెక్షన్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వంతో పనుల కాంట్రాక్టు నడుస్తున్న మనిషి ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి అనర్హుడు. సర్కారు పని చేస్తూ సర్కారులో కూర్చుంటే సొంత బిల్లు సొంతంగా పాస్ చేసుకుంటాడని భయం. సబబైన భయమే. కానీ అదే కాంట్రాక్టరు పక్కన ఇంకొకర్ని నిలబెట్టి, అతని రాతపూర్వక అనుమతితో పాంప్లెట్లకు, బండ్లకు, బిర్యానీలకు డబ్బు పెడితే చట్టానికి అభ్యంతరం లేదు. కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రభుత్వ కంపెనీలు, మూడేళ్లు నిండని కంపెనీలు పార్టీలకు చందాలు ఇవ్వకూడదంటుందే గానీ, ప్రభుత్వ కాంట్రాక్టులున్న కంపెనీ ఊసెత్తదు. పైగా అది కంపెనీలకు మాత్రమే. మా జిల్లాల్లో సొంత పేరు మీద, పార్టనర్‌షిప్ మీద పనులు చేసేవాళ్లకు ఆ సెక్షన్ తగలదు.

పెద్ద ఎత్తున ఏం జరిగిందో ఎలక్టోరల్ బాండ్లలో, అంటే పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే బ్యాంకు పత్రాల్లో, చూశాం. 2017లో కంపెనీల చందాకు ఉన్న పరిమితి, అంటే మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం, తీసేశారు. మరుసటి ఏడాది బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది. మార్చిలో పేర్లు బయటపడితే, కొన్నవాళ్లలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. కాళేశ్వరం పంపుహౌసుల పనులు చేసింది ఆ కంపెనీయే. అప్పట్లో ఇక్కడ అధికారంలో ఉన్న బీఆర్ఎస్ సొమ్ము చేసుకున్న బాండ్లు మొత్తం 1,200 కోట్ల పైచిలుకు. అప్పటి చట్టం ప్రకారమే కొన్నారు, అప్పటి చట్టం ప్రకారమే తీసుకున్నారు. ఫలానా చందాకు ఫలానా పని అని నేననను. నా బాధల్లా, 2023 అక్టోబర్‌లో భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర బ్యారేజీ పిల్లర్లు కుంగిన రోజున గానీ, నెలన్నర తిరక్కుండా నవంబర్ 30న ఓటేసిన రోజున గానీ, ఏ కాంట్రాక్టరు ఏ పార్టీకి ఎంత ఇచ్చాడో ఇక్కడి ఓటరుకు తెలిసే దారి లేకపోవడం. తెలిసేసరికి కొత్త ప్రభుత్వం వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎలక్టోరల్ ట్రస్టుల రూటు నడుస్తోంది, అంటే చందాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థలు. ఇచ్చినవాళ్ల పేర్లు ఒకచోట, పుచ్చుకున్నవాళ్ల పేర్లు ఒకచోట. ఎవరిది ఎవరికి పోయిందో జోడీ కట్టుకునే వీల్లేదు.

2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు మాకు డబ్బుల కవర్ రాలేదని ఆడవాళ్లు రోడ్డెక్కితే టీవీల వాళ్లు తెగ చూపించారు. ఓటర్లు అమ్ముడుపోయారని అందరం ముక్కున వేలేసుకున్నాం. ఆ కవర్లలో నోట్లు ఎవరి గల్లాపెట్టెలోంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. నాకైతే తీసుకున్నవాళ్ల మీద కంటే పెట్టినవాళ్ల మీదే కోపం.

ఇది కేంద్రం చట్టం, మా చేతుల్లో ఏముందని మన ఎమ్మెల్యేలు అనొచ్చు. అసెంబ్లీ ఎన్నికల వరకు నిజమే. టెండర్ షరతులు రాసేది మాత్రం రాష్ట్రమే కదా. పని తీసుకునేవాళ్లు గత ఐదేళ్లలో తామూ తమ భాగస్వాములూ ఏ పార్టీకి, ఏ అభ్యర్థికి ఎంత ఇచ్చారో అఫిడవిట్ ఇవ్వాలని ఒక్క షరతు పెట్టి, దాన్ని అగ్రిమెంట్‌తో పాటు వెబ్‌సైట్‌లో వేయమనండి. అబద్ధం చెబితే బ్లాక్‌లిస్ట్. ఇక పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు జరిగేదే రాష్ట్ర చట్టాల కింద. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మునిసిపాలిటీల చట్టం రెండూ మన అసెంబ్లీ చేసినవే. అక్కడి పనులు చేసే కాంట్రాక్టర్లు అక్కడి అభ్యర్థులకు డబ్బు ఇవ్వకూడదని ఒక సవరణ తేవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సర్కారే ఎన్నికల ఖర్చులో కొంత భరించాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పింది గానీ, కాంట్రాక్టర్ల డబ్బు ఆపకుండా సర్కారు డబ్బు ఇస్తే రెండు చేతులా తీసుకుంటారని నా అనుమానం.

అసెంబ్లీ అభ్యర్థులు తుది లెక్క అప్పజెప్పేది ఫలితాలొచ్చాక ముప్పై రోజుల్లోపు. ఓటేసే ముందు దానితో మాకేం ఉపయోగం? రాబోయే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికల నుంచైనా, మేం కలెక్టరేట్‌కు ఇచ్చే ఫారంలో రెండు గడులు కలపమని రాష్ట్ర ఎన్నికల సంఘానికి మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. ఒకటి, డబ్బు కట్టినవారి పేరు. రెండు, వారి చేతిలో ప్రస్తుతం ఉన్న ప్రభుత్వ పనులు. ఆ ఫారాలను పోలింగ్‌కు వారం ముందే డివిజన్ల వారీగా నోటీసు బోర్డు మీద అంటించాలి.

వ్యాపారంలో ఉన్నవాణ్ని కాబట్టి పేరు వేయొద్దని మనవి.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని,
వరంగల్