ఉత్తరుణ్ణి చూసి నవ్వినవాళ్లం, హిట్ సినిమాను చూసి నవ్వకూడదా?

సంపాదకులకు నమస్కారాలు.

విజయవంతమైన సినిమాలనూ, బాగా అమ్ముడుపోతున్న పుస్తకాలనూ ఆటపట్టిస్తూ మీరు వేస్తున్న చిన్న వ్యాసాలు వందలాది మంది శ్రమను అవమానిస్తున్నాయని, లక్షల మంది మెచ్చినదాన్ని ఎగతాళి చేయడం ఆ లక్షల మందినీ ఎగతాళి చేయడమేనని గత ఆదివారం ఒక పాఠకుడు మీకు రాసిన లేఖ చదివాను. ఆయన బాధను నేను శంకించను గాని, వాదన మాత్రం నిలవదు. దాన్ని ఒప్పుకుంటే మా నెల్లూరు వాళ్లం ముందుగా తిక్కన గారినే తప్పుపట్టవలసి వస్తుంది.

నెల్లూరునేలిన మనుమసిద్ధి కొలువులో ఉండి భారతాన్ని తెనిగించిన ఆ మహాకవి చేతిలో విరాటపర్వపు ఉత్తరుడు ఏమయ్యాడో అందరికీ తెలుసు. రథం తోలేవాడొకడు దొరికితే చాలు, కౌరవసేననంతా ఒక్కణ్ణే చెదరగొడతానని అంతఃపుర స్త్రీల ముందు కోతలు కోసి, తీరా ఆ సేన కంటబడగానే రథం దిగి పరుగు లంకించుకున్న ఆ రాకుమారుణ్ణి చూసి తెలుగువాళ్లు ఏడు వందల ఏళ్లకు పైగా నవ్వుతున్నారు. నేటి ప్రీ రిలీజ్ వేడుకల్లోని ప్రసంగాలకూ ఆ కోతలకూ నాకు పెద్ద తేడా కనబడదు. పైగా ఉత్తరుడిలో ఒక మంచి గుణముంది, భయం వేసినప్పుడు భయపడ్డాడు. మన కథానాయకుడికి ఆ స్వేచ్ఛ కూడా లేదు.

ఇటీవలి పెద్ద సినిమా ఎలా సాగుతుందో ఒక్కసారి నిదానంగా చూడండి. మొదట కథానాయకుడి చెప్పులు కనబడతాయి. తరువాత చెయ్యి, ఆ తరువాత పొగ. ముఖం కనబడేలోగా నలుగురైదుగురు పాత్రధారులు వంతులవారీగా వచ్చి ఆయన ఎంతటివాడో మనకు చెప్పి పోతారు. చెప్పేవాడు పోలీసు అధికారి కావచ్చు, కేంద్ర మంత్రి కావచ్చు, చావుబతుకుల్లో ఉన్న రౌడీ కావచ్చు, అందరి గొంతూ ఒకటే. పోరాటం మొదలైతే, చేతిలో కత్తులున్న నలభై మంది రేషన్ షాపు ముందు నిలబడ్డంత ఓపికగా తమ వంతు కోసం ఎదురుచూసి, ఒక్కొక్కరే వెళ్లి చచ్చిపోతారు. ఈ రక్తపాతం మధ్య కథానాయకుడు బీడీ ముట్టించగానే తెర అడుగున పొగాకు హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. 2012 నుంచి అమలులో ఉన్న నిబంధన అది. సినిమాకు ముందూ మధ్యలోనూ ముప్పై సెకన్ల ప్రకటనలు కూడా ఉంటాయి. మంచిదే. గొడ్డలితో మెడ నరకడం కూడా ఆరోగ్యానికి హానికరమేనని పక్కన మరో చిన్న వాక్యం వేస్తే ఇంకా బాగుండేది. మూడు గంటలు గడిచాక, అసలు కథ రెండవ భాగంలో ఉందని చెప్పి ఇంటికి పంపిస్తారు.

ఇక మా ఊరి సంగతి. వసూళ్లను ప్రాంతాలవారీగా పంచి చూపే సినిమా వ్యాపారస్తుల లెక్కల్లో నైజాం, సీడెడ్ అనే రాయలసీమ, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరులతో పాటు నెల్లూరుకు కూడా సొంత గడి ఒకటుంది. ఆ గౌరవం మాకు బాగా తలకెక్కింది. ట్రంకు రోడ్డు మీద టీ తాగుతున్న కుర్రాడిని సినిమా ఎలా ఉందని అడిగితే, నెల్లూరు షేర్ (పంపిణీదారు వాటా) ఇంత, గ్రాస్ (మొత్తం వసూలు) ఇంత అని చెబుతాడే తప్ప కథ చెప్పడు. మరీ పట్టుబట్టి అడిగితే, ‘మనకెందుకన్నా, కలెక్షన్ ఉందా లేదా’ అంటాడు. తన జేబులోంచి పోయిన డబ్బును తనకు వచ్చిన లాభంగా చెప్పుకునే ప్రేక్షకుణ్ణి తయారు చేయడమే ఈ తరం ప్రచారకర్తలు సాధించిన అసలు విజయం.

పుస్తకాలు ఇంతకంటే మెరుగని అనలేను. ఒకప్పుడు తెలుగు పుస్తకం తెరిస్తే, మొదటి ముద్రణ ఏ సంవత్సరం, ప్రతులు ఎన్ని అన్నది లోపలి పేజీలో కనబడేది. ఇప్పుడు చాలా పుస్తకాల మీద ‘పదవ ముద్రణ’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది గాని, ఒక్కో ముద్రణకు ఎన్ని ప్రతులో ఉండదు. అడిగినన్నే అచ్చువేసుకునే సాంకేతికత వచ్చాక యాభై ప్రతులు కూడా ఒక ముద్రణే అవుతుంది. విజయరహస్యాలు బోధించే పుస్తకాలైతే, పోస్టుకార్డుకు సరిపోయే మాటను రెండు వందల నలభై పేజీలకు సాగదీసి, చివర మీ లక్ష్యాలు రాసుకోండని ఖాళీ పేజీలు వదిలి, వాటికి కూడా మన దగ్గరే డబ్బు తీసుకుంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ఐశ్వర్యం కలుగుతుందన్నది వీటన్నిటి ఉమ్మడి సిద్ధాంతం. రాత్రంతా రొయ్యల గుంట గట్టు మీద, నీటికి గాలి అందించే ఏరేటర్లు కనిపెట్టుకుని కూర్చునే మా జిల్లా రైతు అసలు పడుకోనే పడుకోడు, ఈ లెక్కన అతడెప్పుడో కుబేరుడై ఉండాలి. ప్రేమ నవలల గురించి ఒక్క మాట చాలు. వాక్యానికొక పేరా చొప్పున వేయడం వల్ల చదివే శ్రమ బాగా తగ్గింది.

ఇలా నవ్వడం నేరమేమీ కాదు. విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక రచనలోని భాగాలను న్యాయంగా వాడుకోవడానికి 1957 నాటి కాపీరైటు చట్టమే 52వ సెక్షన్‌లో వీలు కల్పించింది. విడుదలైన మొదటి మూడు రోజులు సమీక్షలు రాకుండా ఆపాలని తమిళ నిర్మాతలు కోరితే, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు అలాంటి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. మన సాహిత్యంలోనైతే జరుక్ శాస్త్రిగా పేరుపడ్డ జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారు శ్రీశ్రీ కవిత్వానికే పేరడీలు కట్టి ‘పేరడీ శాస్త్రి’ అనిపించుకున్నారు. దానివల్ల శ్రీశ్రీకి వచ్చిన లోటేమీ లేదు. ఆ పేరడీలు చదివి నవ్వినవాళ్లలో చాలామందికి అసలు పద్యాలు కూడా కంఠతా వచ్చు.

అయితే లేఖ రాసిన పాఠకుడి మాటలో ఒక అంశాన్ని నేను కాదనను. సొంత డబ్బుతో మూడు వందల ప్రతులు అచ్చు వేసుకుని, అవి ఇంట్లో అటక మీద ఉండగా దిగులుపడే కవిని వెక్కిరించడం చేతగానితనం. కొత్త నటులతో తీసి, వారం తిరక్కుండానే హాళ్లలోంచి వెళ్లిపోయిన చిన్న సినిమాను కూడా వదిలేయండి. ఊరూరా ఫ్లెక్సీలు కట్టించుకోగలిగిన వాటికి ఒక పావు పేజీ వెటకారాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది.

కాబట్టి ఆ శీర్షికను ఆపవద్దని, వీలైతే వారం వారం వేయమని నా మనవి. ఒక్క షరతు. అది రాసేవారు డిస్ట్రిబ్యూటరు పంపిన పాసుతో గాక సొంత డబ్బుతో టికెట్టు కొనాలి, పుస్తకాన్ని రచయిత సంతకంతో కానుకగా గాక దుకాణంలో కొనాలి, ఆ ధరను వ్యాసం కింద అచ్చు వేయాలి. ముద్రిత పుస్తకం మీద జీఎస్టీ లేదు. వంద రూపాయలు దాటిన సినిమా టికెట్టు మీద 18 శాతం ఉంది. ఆ మేరకు సినిమాకు నాలుగు పంక్తులు ఎక్కువ కేటాయించినా పాఠకులు అభ్యంతరం చెప్పరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
కావలి, నెల్లూరు జిల్లా.