ఫిష్ ఫైండర్ అమ్మేవాళ్లు బిగించడం కూడా చూపించాలి

సంపాదకులకు నమస్కారం,

మాది నెల్లూరు జిల్లా తీరం, చాలా ఏళ్లుగా చెన్నై కాశిమేడులో వేట చేసుకుంటున్నాం. ఈమధ్య మా ఫైబర్ బోటుకు ఫిష్ ఫైండర్, అంటే నీళ్ల లోతు, చేపల జాడ తెర మీద చూపించే మిషన్, పెట్టించాం. తెర వెలిగింది, ఒడ్డు దగ్గర బాగానే చూపించింది, మోటారు వేగం పెంచగానే మాత్రం సముద్రం అడుగును చూపించే గీత మాయమై తెరంతా చుక్కలు, పది బారల నీళ్లలో రెండు బారలని చూపించేది. మిషనే పాడైందనుకుని మూడు వారాలు టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే తప్పంతా బిగించడంలో ఉంది.

బోటు వెనుక పలకకు బిగించే ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే శబ్దాన్ని పట్టి లోతు చెబుతుంది. మధ్యలో గాలి బుడగలు అడ్డొస్తే శబ్దం అక్కడే తిరిగి వచ్చేస్తుంది. మాకు దాన్ని ప్రొపెల్లర్‌కు జానెడు దూరంలో పెట్టారు! కనీసం 15 అంగుళాలైనా ఎడం ఉండాలి, వెనక నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్ అయితే బోటు కుడిపక్కన పెట్టాలి, ఫైబర్ బోటుకైతే ట్రాన్స్‌డ్యూసర్ అడుగు బోటు అడుగు కంటే 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఇవన్నీ పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నాయని మా అబ్బాయి చదివి చెప్పేదాకా మాకు తెలియదు.

కేబుల్ సంగతి ఇంకా దారుణం. పొడవు ఎక్కువైందని కోసేసి టేపు చుట్టారు. మిగిలింది చుట్ట చుట్టి పక్కన పెట్టాలిగానీ కోయకూడదు. పైగా బ్యాటరీ వైర్లతో కలిపి కట్టారు, ఆ కరెంటు గోల కూడా తెర మీదికి వస్తుంది. అన్నిటికంటే బాధ కలిగించింది, స్క్రూ రంధ్రాల్లో నీళ్లు దిగకుండా సీలెంట్ పెట్టకపోవడం. మా బోటు వెనుక పలక లోపల ప్లైవుడ్ ఉంది, నీళ్లు దిగితే అది కుళ్లిపోతుంది, మోటారు బరువంతా దాని మీదే కదా.

అప్పు చేసి కొనుక్కునే సామాను ఇది. అమ్మే షాపుల వాళ్లు బిగించే పద్ధతి తెలుగులో, తమిళంలో ఒక కాగితం మీద ఇవ్వాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధంతో పెద్ద బోట్లు ఒడ్డునే ఉంటాయి, అప్పుడు మత్స్యశాఖ వాళ్లు హార్బర్‌లోనే మెకానిక్కులకు ఒక్కరోజు చేసి చూపించినా చాలు. మీరు ఈ కొలతలు బొమ్మతో వేస్తే కత్తిరించి బోటులో అంటించుకుంటాం.

— ఒక బోటు యజమాని, కాశిమేడు, చెన్నై