ఆబ్జెక్టులు కలిపేముందు ఉమ్మడి పేర్లు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ జావాస్క్రిప్ట్ నేర్చుకునే తెలుగు పిల్లలు మీ కెరీర్ పేజీ చదువుతారు. వాళ్ల చేతుల్లో తిరిగే నోట్సుల్లో ఒక ఇంటర్వ్యూ ప్రశ్నకు తప్పు జవాబు పాతుకుపోయింది. ఆబ్జెక్ట్ అంటే పేరు-విలువ జతల కట్ట, ఒక్కో జతా ఒక ప్రాపర్టీ. రెండు ఆబ్జెక్టులిస్తే, రెండింటిలోనూ ఉన్న ప్రాపర్టీ పేర్లు చెప్పాలన్నది ఆ ప్రశ్న.

రోజూ పనికొచ్చే ప్రశ్నే ఇది. ఉద్యోగి వివరాలు ఒక ఆబ్జెక్ట్‌లో, జీతం వివరాలు ఇంకొకదానిలో ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ ‘ఐడీ’ ఉంది. ఒకచోట అది ఉద్యోగి నంబరు, మరోచోట పేస్లిప్ నంబరు. స్ప్రెడ్‌తోనో (మూడు చుక్కల గుర్తు), ఆబ్జెక్ట్.అసైన్‌తోనో కలిపితే వెనక వచ్చిందే నిలుస్తుంది. ఉద్యోగి నంబరు పోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. అందుకే కలిపేముందే ఉమ్మడి పేర్లు తెలియాలి.

నోట్సుల్లో చెప్పేదేమిటంటే, ఫర్-ఇన్ లూప్‌తో మొదటిదాని పేర్లు తీసి, రెండోదానిలో ఆ పేరుకు విలువ ఉందా అని ఇఫ్‌తో చూడమని. విలువ సున్నా అయినా, ఫాల్స్ అయినా, ఖాళీ స్ట్రింగ్ అయినా ఇఫ్ దాన్ని లేనట్టే లెక్కేస్తుంది. బోనస్ సున్నా ఉన్న ఉద్యోగికి బోనస్ అనే ప్రాపర్టీయే లేదంటుంది. అది సరిదిద్దబోయి ‘ఇన్’ ఆపరేటర్ పెడితే, అది ఆబ్జెక్ట్‌కు వారసత్వంగా పేర్లనిచ్చే ప్రోటోటైప్ గొలుసంతా వెతుకుతుంది. ఖాళీ ఆబ్జెక్ట్‌ను అడిగినా టుస్ట్రింగ్, కన్‌స్ట్రక్టర్ ఉన్నాయనే చెబుతుంది.

సరైన పద్ధతి ఒక్క వరుసలో అయిపోతుంది. ఆబ్జెక్ట్.కీస్‌తో మొదటిదాని సొంత పేర్లు తీసి, ఒక్కొక్కటీ రెండోదానిలో ఉందో లేదో ఆబ్జెక్ట్.హ్యాజ్‌ఓన్‌తో చూసి ఫిల్టర్ చేయాలి. హ్యాజ్‌ఓన్ జావాస్క్రిప్ట్ భాష 2022 ప్రమాణంలో చేరింది. పాత హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీని రెండోదాని మీదే పిలిస్తే, నల్ ప్రోటోటైప్‌తో, అంటే వారసత్వమేదీ లేకుండా పుట్టించిన ఆబ్జెక్ట్‌లో ఆ మెథడే ఉండదు కాబట్టి టైప్‌ఎర్రర్ వస్తుంది. ఒక్క జాగ్రత్త: కీస్ ఎన్యూమరబుల్ (లూప్‌లో లెక్కకు వచ్చే) పేర్లే ఇస్తుంది, హ్యాజ్‌ఓన్ మిగతావాటినీ ఒప్పుకుంటుంది. అరేలో లెంగ్త్ అలాంటిదే. అలాంటివి ఉంటే ఆబ్జెక్టుల వరుస మార్చినప్పుడు జవాబూ మారవచ్చు. సింబల్ కీలు (స్ట్రింగ్ కాని ప్రత్యేక పేర్లు) కూడా కావాలంటే రిఫ్లెక్ట్.ఓన్‌కీస్ వాడాలి.

రెండు జాబితాలూ తీసి, ఫిల్టర్ లోపల, జాబితాలో పేరుందా అని వెతికే ఇన్‌క్లూడ్స్ పెట్టడం పది పేర్లకు ఫర్వాలేదు. చెరో 1,000 పేర్లుండి ఒక్కటీ కలవకపోతే 10 లక్షల పోలికలవుతాయి. 2025 ప్రమాణంలో సెట్‌కు (ఒక్కో విలువ ఒక్కసారే ఉండే సమాహారం) ఉమ్మడివాటినిచ్చే ఇంటర్‌సెక్షన్ వచ్చింది, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ 22లో పనిచేస్తుంది. రెండో జాబితానూ సెట్‌గా మార్చే ఇవ్వాలి, అరే ఇస్తే టైప్‌ఎర్రర్. ఫలితం వరుస ఏ సెట్ చిన్నదన్నదాన్ని బట్టి ఉంటుంది కనుక, వరుస ముఖ్యమైనచోట ఫిల్టరే మేలు. లోపలి ఆబ్జెక్టుల పేర్లను ఈ పద్ధతుల్లో ఏదీ చూడదు.

తెలుగులో రాసిన పేర్లతో వచ్చే చిక్కు వేరు. దాని గురించి ఎవరూ చెప్పకపోవడం మాకు బాధగా ఉంది. ‘పైకం’లోని ఐత్వాన్ని, అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, ఎత్వమూ ఐత్వపు కిందిభాగమూ కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, జావాస్క్రిప్ట్‌కు వేర్వేరు పేర్లు. పోల్చేముందు రెండువైపులా, రాతను ఒకే రూపానికి తెచ్చే నార్మలైజ్ పిలిస్తే అవి ఒకటవుతాయి. ‘ఫోన్’ చివర అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ మిగిలిపోతే మాత్రం నార్మలైజ్ తీసేయదు, అంచుల ఖాళీలు తీసే ట్రిమ్ కూడా తీసేయదు. రిప్లేస్‌తో విడిగా తొలగించాలి. అది కూడా చివర ఉన్నదాన్నే, ఎందుకంటే మాట మధ్యలో అది అక్షరం రూపాన్నే మారుస్తుంది. శుభ్రం చేశాక ఒకే ఆబ్జెక్ట్‌లోని రెండు పేర్లు ఒకటైపోవచ్చు. కీల సంఖ్య, వాటితో చేసిన సెట్ సైజు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మీ పేజీలో ఈ ప్రశ్న వేసేటప్పుడు జవాబుతోపాటు నాలుగు పరీక్షలు కూడా అచ్చువేయాలని మనవి: ఒకవైపు ఖాళీ ఆబ్జెక్ట్, కన్‌స్ట్రక్టర్ అనే పేరు, సున్నా విలువ, రెండు రకాలుగా టైపు చేసిన పైకం.

ఇట్లు,
కొందరు తెలుగు ప్రోగ్రామర్లు,
మారతహళ్లి, బెంగళూరు