ఆ సూట్‌కేసు పెద్దాయనకి

రాత్రంతా కునుకు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇప్పుడే రాయకపోతే రేపటికి మామూలు మనిషినైపోయి మర్యాదగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాను. అది నాకిష్టం లేదు.

ముందు అసలు సంగతి. క్షేమంగా చేరాం. నిన్న ఫోన్లో నా గొంతు విని కంగారు పడినవాళ్ళంతా స్థిమితపడండి.

మా గురించి తెలియనివాళ్ళకి: మావాడికి ఎనిమిదేళ్ళు, ఆటిజం. మాటలు తక్కువ, చెవులు మరీ సున్నితం. "ఇలాంటి పిల్లాడితో నెలల తరబడి దేశాలు తిరగడమేంటి" అని అడుగుతుంటారు. మేం ఊళ్ళు చుట్టబెట్టడం లేదండీ, ఒక్కోచోట కాపురం పెడుతున్నాం. కొత్త ఇల్లు వాడికి అలవాటవడానికి వారాలు పడుతుంది. పోర్చుగల్‌లోని పోర్టోలో అలవాటైంది. అక్కడ డౌరో నది మీద 1886లో తెరిచిన ఇనుప వంతెన ఉంది. పై అంతస్తు మీద మెట్రో వెళ్తుంటుంది, పక్కనే మనం నడవచ్చు. సాయంత్రం కాగానే వాడు అక్కడికి లాక్కెళ్ళి రైలు చక్రాలు చూసేవాడు. నిద్ర కూడా గాడిన పడింది. సరిగ్గా అప్పుడే గడువైపోయింది. షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, మనలాంటి సందర్శకులు ఏ 180 రోజులు లెక్కేసినా 90 రోజులకు మించి ఉండకూడదు. టూరిస్టుకి 90 రోజులంటే బోలెడు. వీడికి మాత్రం అప్పుడే వేరు పట్టిన మొక్కని పీకినట్టు. బ్రిటన్ షెంగెన్‌లో లేదు కాబట్టి అటు బయల్దేరాం.

మధ్యలో విమానం మారాలి. ఆ విమానాశ్రయం పేరు రాయను, రాస్తే ఈ పోస్టంతా దాని గురించే అయిపోతుంది. మొదటి విమానం ఆలస్యం. దిగేసరికి గేటు మార్చేశారు. నెత్తిన మైకు. పక్కన టాయిలెట్‌లోంచి చేతులు ఆరబెట్టే మెషీన్ ఒక్కసారిగా బుస్సుమంది. మావాడు వరసగా ఉన్న కుర్చీల కిందికి దూరిపోయాడు. చెవుల మఫ్స్ విసిరేశాడు. మణికట్టు కొరుక్కుంటున్నాడు, కేకలు. నేను నేలమీద బోర్లా పడుకుని వాడి చెయ్యి అందుకోబోతే ఇంకా లోపలికి జరుగుతున్నాడు. జనం నిలబడిపోయారు. ఇద్దరైతే ఫోన్లు పైకెత్తారు.

అప్పుడొచ్చాడు ఆయన. డెబ్బై దాటి ఉంటాయి. నీలం స్వెటరు, చిన్న సూట్‌కేసు. "ఏమైంది" అని అడగలేదు. వాడి వంక చూడనైనా లేదు. కుర్చీ పట్టుకుని, మోకాళ్ళు సహకరించక ఆగి ఆగి, రెండు బారల దూరంలో కింద చతికిలబడ్డాడు. సూట్‌కేసు తిరగేసి ఒక చక్రాన్ని వేలితో తిప్పి వదిలాడు. అది ఆగేదాకా చూశాడు. మళ్ళీ తిప్పాడు. లోకంలో ఇంకే పనీ లేనట్టు.

కొంతసేపటికి కేకలు కాస్త తగ్గాయి. మావాడి తల ఇటు తిరిగింది. ఆయన రెండో చక్రం తిప్పితే అది కిర్రుమంది. మావాడు చెవులు మూసుకున్నాడు. ఆయన ఆ క్షణమే బొటనవేలితో దాన్ని ఆపేశాడు. మళ్ళీ ఆ చక్రం జోలికి వెళ్ళలేదు. మిగిలిన మూడే, ఒకదాని తర్వాత ఒకటి. నేను ఏడ్చింది అక్కడే. వాడు పుట్టినప్పటినుంచీ నేను పదిమందికి పదిసార్లు చెప్తేగానీ తెలియని విషయం ఆయనకి ఒక్క కిర్రుతో తెలిసింది.

తర్వాత పెట్టెని జానెడు ముందుకి నెట్టాడు. ఆగాడు. ఇంకో జానెడు. కుర్చీ కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి చక్రం తిప్పింది. ఈలోగా ఆయన ఆ ఫోన్ల వాళ్ళవైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. నాకర్థం కాలేదు, ఫోన్లు మాత్రం దిగిపోయాయి. ఎదురు గేటులో క్యూ కరిగిపోతోంది. అది ఆయన విమానమే అని చివర్లో తెలిసింది. అందరూ వెళ్ళాక లేచి, పెట్టె లాక్కోకుండా అరచెయ్యి చాచి నిలబడ్డాడు. మావాడు ఇంకో తిప్పు తిప్పుకుని, తనే ఆయనవైపు నెట్టాడు. ఆయన తలూపి గబగబా వెళ్ళిపోయాడు. నా థాంక్స్ వినిపించిందో లేదో. పేరు అడగలేదు, ఫోటో తీయలేదు. ఇన్నేళ్ళలో "పిల్లాణ్ణి లేపమ్మా" అన్నవాళ్ళే గానీ, కింద కూర్చున్న మనిషిని నేను చూడలేదు.

సాయం ముందుగా అడగలేదా అంటారేమో. అడిగాం. యూరప్‌లో 1107/2006 అని ఒక నిబంధన ఉంది. కనీసం 48 గంటల ముందు చెప్తే విమానాశ్రయంవాళ్ళు ఉచితంగా సాయం చెయ్యాలి, కంటికి కనిపించని వైకల్యాలకి కూడా. బుకింగ్‌లో డీపీఎన్‌ఏ అనే కోడు పెట్టించాం, బుద్ధి వికాసానికి సంబంధించిన ఇబ్బందులున్నవాళ్ళ కోసమే అది. తీరా దిగితే ఏం పంపారు? చక్రాల కుర్చీ! పరిగెత్తే పిల్లాడికి! మాకు కావలసింది నిశ్శబ్దంగా ఉండే ఒక మూల, దారి చూపే ఒక మనిషి. కుర్చీ వద్దంటే సాయమే వద్దన్నట్టు ట్యాబ్‌లో ఏదో నొక్కి ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. అతన్నని లాభం లేదు, అతనికిచ్చిన ట్యాబ్‌లో అంతకన్నా ఇంకో గడి లేదేమో. మావాడి మెళ్ళో పొద్దుతిరుగుడు పూల పట్టీ ఉంది. 2016లో గాట్విక్ విమానాశ్రయంలో మొదలై చాలా దేశాలకి పాకిన గుర్తు అది, కంటికి కనిపించని వైకల్యం ఉందని చెప్పడానికి. దాని పోస్టరు గోడకి అతికించి ఉంది, దాని కింద నిలబడ్డ ఉద్యోగికే అదేంటో తెలీదు. రూలుకేం లోటు లేదు, కాగితం మీద బంగారంలా ఉంది.

మా ఆయన కౌంటర్ దగ్గర పోట్లాడి తర్వాతి విమానంలో సీట్లు పట్టారు, మా ఆడపడుచు ఫోన్లో మిగతావన్నీ మార్చింది. వాళ్ళకి వేరే చెప్పాలా.

రెండో విమానంలో మమ్మల్ని అందరికన్నా చివర ఎక్కించిన ఎయిర్‌హోస్టెస్‌కి దణ్ణం పెట్టాలి. అందరూ మమ్మల్ని ముందు ఎక్కిస్తామంటారు. ముందెక్కితే ఆ ఇరుకులో అంత ఎక్కువసేపు కూర్చోవాలని ఆవిడకి చెప్పకుండానే తెలిసింది. ముందు సీట్లో తన్నులు తిని నోరెత్తని అబ్బాయికి కూడా.

అరె, స్పీచ్ థెరపిస్టు గారు! "విమానం, ఆగడం, ఇంకో విమానం" అని ఆవిడ చేసిచ్చిన బొమ్మల కార్డులు లేకపోతే మొదటి విమానమే ఎక్కేవాళ్ళం కాదు. కొత్త ఇంటి ఓనరమ్మ ప్రతి గదినీ ఫోటో తీసి పంపింది, కాలింగ్ బెల్ కూడా తీయించేసింది. నిద్రకి వేసే మెలటోనిన్ మాత్రకి చీటీ, ఉత్తరం రాసిచ్చిన డాక్టరు గారు. కొన్ని దేశాల్లో మామూలుగా షాపులో దొరికే ఆ మాత్ర బ్రిటన్‌లో చీటీ లేకుండా ఇవ్వరు. ఇంకా ఆ టాక్సీ ఆయన, మావాడు చెవులు మూసుకోగానే రేడియో కట్టేసి, ఇల్లు వచ్చేదాకా జీపీఎస్ గొంతు కూడా ఆపేసి తీసుకొచ్చాడు. రెండుసార్లు దారి తప్పాం, అయినా ఆయనకీ.